గుమ్మం నుంచి షెడ్డు దాకా పిప్పరమెంటు

కుర్చీలకు బెత్తం అల్లే ఆయనకు యాభై రెండో ఏట చూపు పూర్తిగా పోయింది. అల్లిక పోలేదు; ఆ పని ఎప్పుడో వేళ్లకు పట్టుబడింది. ఇబ్బందల్లా వంటింటి గుమ్మం నుంచి పెరట్లో ఆయన పనిచేసే షెడ్డు దాకా ఉన్న ఇరవై అడుగులే. తాడు కడతానని బావమరిది అంటే, తానేమన్నా దూడనా అని కసురుకున్నాడు.

భార్య ఇంకో ఉపాయం చేసింది. రాళ్లు పరిచిన దారికి రెండు పక్కలా తవ్వి, పిప్పరమెంటు మొక్కలు జానెడు ఎడంగా నాటింది. కూరలో వేసే పుదీనా కాదు, దాని చుట్టం. ఆకు నలిగితే ముక్కు జిల్లుమంటుంది. వానలు వెళ్లేసరికి నేల కనబడకుండా అల్లుకుంది. దారి తప్పి అడుగు పడితే చాలు, ఘాటు గుప్పుమనేది.

"మీరిక తప్పుతోవ పడితే దాచలేరు, చెప్పులే పట్టిస్తాయి" అని ఆవిడ వేళాకోళమాడేది.

నాలుగేళ్లు అలా గడిచాయి. జ్వరంతో ఆస్పత్రికి వెళ్లిన ఆవిడ తిరిగి రాలేదు.

రెండు నెలలు ఆయన షెడ్డు మొహం చూడలేదు. ఒక పొద్దున మనసు రాయి చేసుకుని బయల్దేరాడు. మూడో అడుగుకే ఘాటు. ఎడమకు జరిగాడు, ఘాటు. కుడికి జరిగినా అదే. తన పెరట్లో తనే దిక్కుతోచక, చెల్లెలు వచ్చేదాకా అలాగే నిలబడిపోయాడు.

దారంతా తీగలు కమ్మేశాయని ఆమె చెప్పింది. వదిన వారం వారం గోనెపట్టా మీద మోకాళ్లూని వాటిని కత్తిరించేదట, పక్కింటావిడ చూసేదట. ఆయనకు ఆ సంగతే తెలియదు.

"ఇదంతా పీకించి సిమెంటు పోయిస్తాలే అన్నయ్యా."

"వద్దమ్మా. మొదటి రాయి దగ్గర కూర్చోబెట్టి, కత్తెర చేతికివ్వు."

వేళ్లతో రాతి అంచు వెతికి, దాని మీదికి పాకిన తీగను తడిమి, తుంచాడు. నాలుగో రాయి దగ్గర చేతులు ఆగిపోయాయి. భుజాలు కదలడం చూసి, చెల్లెలు పనున్నట్టు లోపలికి వెళ్లింది.

మొత్తం నాలుగు రోజులు పట్టింది. అయిదో రోజు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా షెడ్డుకు చేరాడు. సగం అల్లిన కుర్చీ అలాగే ఉంది. బెత్తం ఎండిపోయి, వంచితే పుటుక్కుమంటోంది. బక్కెట్లో నీళ్లు నింపి, కొత్త కట్ట నానబెట్టి, అది మెత్తబడేదాకా పక్కనే కూర్చున్నాడు.