మాస్టారి ఎడమ భుజం

ముప్పై ఎనిమిదేళ్లుగా జనం భుజాలు కొలిచి చొక్కాలు కుట్టిన మనిషి మా టైలరు మాస్టారు. అలాంటాయనకి పక్షవాతం వచ్చి, ఎడమ చెయ్యి పడిపోయి, సొంత భుజమే కిందకి జారింది. డాక్టర్లు దానికి ఏవేవో పేర్లు చెప్పారు. మాస్టారు అద్దం ముందు టేపు పెట్టి చూసుకుని, "అంగుళంన్నర" అన్నారు.

జారిన భుజం ఒక ఎత్తు, బిగుసుకున్న పిడికిలి ఒక ఎత్తు. దానికి ఏది చిక్కితే అది అంతే సంగతులు. ఒకరోజు పేపరు చిక్కింది. మధ్యాహ్నం దాకా ఆ పేజీ ఇంట్లో ఇంకెవరికీ దక్కలేదు.

వారానికోసారి వచ్చే ఫిజియో అమ్మాయి ఆయన భార్యకి మరీ మరీ చెప్పింది. "ఆ చెయ్యి పట్టుకుని ఆయన్ని లేపకండి, నొప్పి అందుకే పెరుగుతోంది. మోచెయ్యి కింద ఎప్పుడూ దిండు ఉండాలి."

ఆవిడ భయం ఆవిడది. "నెలాఖరుకి ఆ భుజం దారికి రాకపోతే షాపు తాళాలు పక్క మొబైల్ షాపాయనకి ఇచ్చేస్తానండీ. మీరు మిషను మీద పడిపోతే నేను చూడలేను" అంది.

షాపు లేకపోతే ఆయన మాస్టారేమిటి, కుర్చీలో కూర్చోబెట్టిన మనిషి.

అప్పుడాయన చేసిన ఘనకార్యం ఇంకెవరికీ తట్టదు. బట్టని పళ్లతో పట్టుకుని, ఒంటిచేత్తో, తన చొక్కాలన్నిటికీ ఎడమ భుజం లోపల అంగుళంన్నర స్పాంజి కుట్టేసుకున్నారు! నాలుగో రోజుకి భుజాలు రెండూ సమంగా నిలిచాయి. భార్య మురిసిపోయి దిండు తీసేసింది, చెయ్యి పట్టుకుని లేపడం మళ్లీ మొదలుపెట్టింది. లేపినప్పుడల్లా మాస్టారికి చుక్కలు కనిపించేవి. అయినా పెదవి విప్పితే ఒట్టు.

గురువారం ఫిజియో అమ్మాయి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. వేళ్లు లోపలికి దిగిపోయాయి.

"మీ భుజం ఇంత మెత్తగా ఉందేంటి మాస్టారూ?"

భార్య చొక్కా విప్పి, లోపలి స్పాంజిని వేళ్లతో నొక్కి చూసింది.

"ఇన్నేళ్లూ అందరి భుజాలూ ఇలాగే సరిచేశానమ్మా. ఎవరూ చొక్కా విప్పి చూడలేదు" అన్నారు మాస్టారు. ఆ మాటతోపాటు కన్నీళ్లు కూడా వచ్చేశాయి. "షాపు పోతుందని భయమేసింది."

అమ్మాయి ఆ కుట్టునీ, బట్ట మీది పంటిగాట్లనీ తిప్పి తిప్పి చూసింది. "పళ్లెందుకండీ, ఆ పిడికిలి ఖాళీగానే ఉందిగా" అంది. మోచేతి కింద దిండు పెట్టి, ముందు బొటనవేలు, తర్వాత మిగతా వేళ్లు నెమ్మదిగా తెరిచి, బట్ట అంచు అందించింది. పిడికిలి మూసుకుంది. మాస్టారు కుడిచేత్తో సూది అందుకుని ఆ అంచంతా కుట్టేశారు. కుట్టు గీత గీసినట్టు వచ్చింది.

భార్య మాత్రం కరగలేదు. "చొక్కాలో నన్ను మోసం చేసిన మనిషిని షాపులో ఎలా వదలను?" అంది.

నెలాఖరు వచ్చింది. మొబైల్ షాపాయన కొత్త అరలకి గోడలు కొలుచుకుంటూ మాస్టారి షాపు గుమ్మంలో తిరుగుతున్నాడు. భార్య తాళాలు అడిగింది. మాస్టారు ఎడమ పిడికిలి చూపించారు. తాళాలు అందులో ఉన్నాయి.

"లాగేయండమ్మా" అన్నాడు మొబైల్ షాపాయన.

"లాగకూడదు" అంటూ ఆవిడ ముక్కాలి పీట మీద కూర్చుంది. మోచేతి కింద దిండు సర్దింది. బొటనవేలు పట్టుకుని, అమ్మాయి నేర్పినట్టే, ఒక్కొక్క వేలూ తెరిచింది. మాస్టారు కళ్లు మూసుకున్నారు. అరచేతిలో తాళాలు చెమటకి తడిసి ఉన్నాయి. వాటి పళ్లు దిగి చర్మం మీద అచ్చులు పడ్డాయి. ఎంతసేపటి నుంచి పట్టుకున్నాడో ఈ మనిషి, అనుకుంది ఆవిడ.

ఆ వేళ్లన్నీ మళ్లీ తాళాల మీదకి మడిచేసింది.

"రావట్లేదండీ, బాగా బిగుసుకుపోయింది" అంది వెనక్కి తిరక్కుండానే. "మీరు ఇంకో షాపు చూసుకోండి."