మంచు గట్టిపడేదాకా

మా అమ్మాయి యూనివర్సిటీలో చేరాక స్నేహితులతో కలిసి చలికాలంలో మంచుకొండలు ఎక్కడం మొదలుపెట్టింది. జనమూ లిఫ్టులూ ఉండే స్కీ రిసార్టులకు కాదు, మనిషి జాడ లేని కొండల్లోకి. వద్దని చాలాసార్లు చెప్పి చూశాను.

"నీకు భయం ఉంది, ఓకే. కానీ దేనికి భయపడాలో యు డోంట్ ఈవెన్ నో, అమ్మా," అంది ఒకరోజు.

కోపంతో అన్న మాట కాదది, నిజమే. భయపడడం తప్ప నాకు ఆ మంచు గురించి ఏమీ తెలియదు. తెలుసుకుని తీరాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

అప్పటికే నాకు యాభై దాటాయి. పరదేశంలో మేముండే క్రెయిగీబర్న్‌లో ఒక మందుల షాపులో పని. సాయంత్రాలు వీపున బరువు సంచి వేసుకుని మా వీధుల్లో నడిచాను. మంచుచరియల గురించి నేర్పే తరగతికి వెళ్ళాను. బీకన్ అనే చిన్న యంత్రాన్ని ఒంటికి కట్టుకుంటే, మంచులో కూరుకుపోయినప్పుడు తోటివాళ్ళు దాని కూతను బట్టి వెతికి తవ్వి తీస్తారు. "ఇది మిమ్మల్ని వెతకడానికే, కాపాడడానికి కాదు," అని మాకు నేర్పినావిడ పదేపదే చెప్పింది.

ఆ వెతకడం అలవాటు కావడానికి మా ఇంటి దగ్గర పార్కులో అమ్మాయి ఒక బీకన్‌ను ఎండాకుల కింద దాచేది. నేను రెండోది చేతపట్టుకుని, కూత వింటూ వంగి తిరిగేదాన్ని. వాకింగ్‌కి వచ్చిన తెలుగు అంకుల్ ఒకాయన ఆగి, "ఏం పోయిందమ్మా, చెవి కమ్మా?" అని అడిగారు.

"మా బిడ్డను దేవులాడుతున్న, అంకుల్," అన్నాను. మా బిడ్డ పక్కనే ఉయ్యాల మీద కూర్చుని పడీపడీ నవ్వింది.

సెప్టెంబరులో ఇద్దరమే ఒక మంచుకొండకు బయలుదేరాం. ఇక్కడ ఋతువులు మన దేశానికి తలకిందులు, సెప్టెంబరంటే వసంతం మొదలు. ఒక ఒప్పందం చేసుకున్నాం. ఇద్దరిలో ఎవరు 'నో' అన్నా వెనక్కి తిరగాలి, వాదన ఉండకూడదు.

చెట్ల మధ్య డేరా వేసుకున్నాం. రాత్రంతా మబ్బు పట్టి ఉంది. చలి అంతగా లేదని నేను సంతోషించాను. తెల్లవారి అమ్మాయి బయట మంచును వేళ్ళతో నొక్కి చూసి, ముఖం ముడుచుకుని వచ్చింది.

"రాత్రి ఫ్రీజ్ కాలేదమ్మా."

వసంతంలో పగటి ఎండకు మంచు కరిగి నీరు లోపలికి ఇంకుతుంది. ఆకాశం తేటగా ఉంటే రాత్రికి మళ్ళీ గడ్డకట్టి పొద్దున రాయిలా నిలుస్తుంది. మబ్బు కమ్మితే గడ్డకట్టదు. ఆ తడి మంచు ఏటవాలులో జారిందంటే కొండవాలంతా కదిలి మీదికి వస్తుంది.

అయినా వాలు మొదలు దాకా వెళ్ళి చూశాం. అడుగు వేస్తే కాలు మోకాలిదాకా దిగబడింది. పైన రాళ్ళ దగ్గర నుంచి చిన్న చిన్న మంచు ఉండలు వాటంతటవే దొర్లి వస్తున్నాయి. ఇంకా పైన, శిఖరం అంచున గాలి పేర్చిన మంచు ఇంటి చూరులా ముందుకు వేలాడుతోంది. ఆ వాలు మీద పైకి వెళ్ళిన అడుగుజాడలు కూడా ఉన్నాయి.

"వాళ్ళు పోయిండ్రు గదా బిడ్డా! మనం గూడ జల్ది పోయొద్దాం."

"వాళ్ళు ఎప్పుడెళ్ళారో తెలీదు. అప్పుడు హార్డ్‌గా ఉండి ఉంటుంది. నో, అమ్మా."

నాకు కోపం వచ్చింది. నెలల తరబడి పడ్డ కష్టమంతా కళ్ళముందు కనిపించింది. తరగతిలో చెప్పిన ప్రమాదపు గుర్తులన్నీ నాకు కంఠతా వచ్చు, అయినా కాళ్ళు మాత్రం పైకే లాగాయి. ఒప్పందం గుర్తు తెచ్చుకుని వెనక్కి తిరిగాను.

"రేపు చూద్దాం," అంది అది, టీ కలిపి ఇస్తూ.

"రేపు గాకుంటే మళ్ళొస్తం. నేనైతే ఇడిసిపెట్ట," అన్నాను.

సాయంత్రానికి మబ్బు విడిపోయింది. చీకటితో లేచేసరికి డేరా గుడ్డ రేకులా బిగుసుకుపోయి ఉంది. చేతికర్రతో మంచును పొడిచాను, దిగలేదు. బూట్లకు ఇనుపముళ్ళు కట్టుకుని బయలుదేరాం. మంచు జారితే ఇద్దరం ఒకేసారి కూరుకుపోకుండా ఏటవాలును ఒక్కొక్కరమే దాటాం. అది ముందు వెళ్ళి, పక్కకున్న బండల చాటున నిలబడి చేయి ఊపింది. అప్పుడు నేను కదిలాను. పైకి చూడకుండా, ఆగకుండా నడిచాను.

శిఖరం మీద ఆ మంచు చూరుకు చాలా దూరంగా, కాలికింద రాయి తగిలే చోట కూర్చున్నాం. ఎదురుగా కొండలు ఒకదాని వెనక ఒకటి నీలంగా ఉన్నాయి. ఎండ వెచ్చగా తగులుతోంది. మడమతో మంచును తొక్కి చూశాను, పైపొర చెమ్మగిల్లింది.

"లే, దిగుదాం."

"ఇంకో ఫైవ్ మినిట్స్ అమ్మా, ప్లీజ్!"

"నో."

అది నా వైపు చూసి, సంచి ఎత్తుకుంది.

ఎండ ముదరకముందే కిందికి వచ్చేశాం. మేం వెనక్కి తిరిగిన రోజున గానీ, ఎక్కిన రోజున గానీ, చూస్తుండగా ఆ వాలు జారలేదు. మొదటి రోజే వెళ్ళి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు, ఎప్పటికీ తెలియదు కూడా. తెలుసుకోవాలని లేదు.

ఈ ఏడు ఇంకో కొండ అనుకున్నాం. అది దీనికంటే నిటారు. నేను మళ్ళీ బరువు సంచితో నడుస్తున్నాను.