అగ్గికొండ చూసేదాకా నీళ్ళు ముట్టని అవ్వ

పోయినేడాది మాఘమాసంలో ధర్మవరం నుంచి ముప్పై మందిని అండమాన్ తీసుకుపోయాను. అందరూ మగ్గాల ఇండ్లవాళ్ళే. టూర్లు నడపడం నా పని. పేరుకు ‘టూర్ మేనేజర్’ని గానీ, నిజానికి పొద్దస్తమానం తలకాయలు లెక్కపెట్టేవాణ్ణి.

పోర్ట్ బ్లెయిర్‌లో ఓడెక్కితే తెల్లవారేసరికి బ్యారెన్ దీవి వస్తుంది. మన దేశంలో ఇంకా రగులుతున్న అగ్నిపర్వతం అదొక్కటే. సముద్రం అడుగు నుంచి పెరిగిన కొండ అది, మనకు కనిపించేది దాని నెత్తి మాత్రమే. లావా, అంటే కరిగిన రాయి, నీళ్ళదాకా పారి నల్లగా గడ్డకట్టి ఉంటుంది. దిగనివ్వరు, ఓడ మీద నుంచే చూడాలి. ఆ సముద్రంలోనే నార్కొండం అని చల్లారిన దీవి ఇంకొకటుంది. నరకకుండం అన్నదే దాని అసలు పేరని కొందరంటారు. ఇవన్నీ మైకులో చెప్పి జనాన్ని హుషారు చేయడం కూడా నా పనే.

ఆ పొద్దున హుషారెక్కడిది? ఓడ ఊగుతోంది, చుట్టూ మబ్బు. ‘విజిబిలిటీ లేదు’ అన్నాడు ఓడ ఆఫీసరు, కంటికి ఏమీ ఆనదని. అంతలో మా గుంపులోని లక్ష్మి పరుగెత్తుకొచ్చింది.

“అన్నా, మా అత్తకు చెమట్లు కారతాండాయి, చేతులు వణుకుతాండాయి. రాత్రి నుంచీ ఏమీ తినలేదంట. షుగర్ మాత్ర మాత్రం నీళ్ళు లేకుండానే మింగిందంట!”

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఓడ డాక్టరు చూసి, షుగర్ పడిపోయింది, వెంటనే చక్కెర నీళ్ళు పట్టమన్నాడు. లక్ష్మి అత్త రామక్కవ్వ పెదవులు బిగించేసింది.

“అగ్గికొండను చూసేదాకా నీళ్ళు ముట్టనప్పా. మొక్కుకున్నా.”

సంగతి లక్ష్మి చెప్పింది. మగ్గాల షెడ్డు తగలబడినప్పుడు అవ్వ కొడుకు లోపల చిక్కుకున్నాడట. బతికి బయటపడితే అగ్గిదేవుడి కొండను ఉపవాసంతో చూస్తానని మొక్కిందట. షెడ్డు పోయింది, కొడుకు దక్కాడు. మొక్కంటే మావాళ్ళు ఎంత మొండివాళ్ళో నాకు తెలియనిదా! బయలుదేరే ముందు జబ్బులడుగుతాం, మందులడుగుతాం. మొక్కులడగాలని అప్పటిదాకా తట్టలేదు. ఇప్పుడు ముందు అదే అడుగుతున్నాను.

“అవ్వా, దేవుడికి కోపం రాదు. ఒక్క గుక్క తాగు.”

“నా కొడుకును ఇడిచిపెట్టినాడు. నేను మాట తప్పేదా?”

మాట ముద్దగా వస్తోంది. కళ్ళు మూతలు పడుతున్నాయి. దేవుడా, ఇంటి దగ్గరున్న ఆ కొడుక్కి ఏ ముఖం పెట్టుకొని చెప్పేది! నాకు ఏడుపు ఆగలేదు. మబ్బులో ఒకచోట నల్లటి ముద్ద కనిపిస్తే వేలు చూపించి అరిచాను.

“అదిగో అవ్వా, పొగ! అదే కొండ!”

అవ్వ అటు చూసింది. నా ముఖమూ చూసింది. చేతులు జోడించి నోరు తెరిచింది. లక్ష్మి గ్లాసు అందించింది.

మెల్లగా వణుకు తగ్గింది, మాట తేటపడింది. ఆ తర్వాత మబ్బు విడిపోయి అసలు కొండ బయటపడింది. నల్లటి వాలు, పైన పల్చటి తెల్లపొగ. అందరూ ఫోన్లు పట్టుకొని ఓడ అంచు కమ్మీల దగ్గరికి ఎగబడ్డారు. నేను మాత్రం అవ్వ వైపు చూడలేకపోయాను.

“ఏమప్పా, తల దించుకున్నావే?” అంది. “తనకల్లు పక్క శనక్కాయ చేన్లల్లో వానమబ్బు కోసం చూసి చూసి పెరిగినదాన్ని. మబ్బేదో పొగేదో నాకు తెల్దా?”

“మరెందుకు తాగినావవ్వా?”

“నువ్వు ఏడుస్తాండావు కదప్పా. ఒక బిడ్డ కోసం మొక్కుకొని ఇంకో బిడ్డను ఏడిపిస్తే, ఆ దేవుడు మెచ్చుతాడా?”