పేరు రాయమన్న చిన్నాయన

పొద్దున దీపం వెలిగించి ఇంకా పీట మీద నుంచి లేవలేదు, ఫోను మోగింది. పెనుకొండ నుంచి చిన్నమ్మ.

"పెద్దపాపా, మీ చిన్నాయన లేడు" అంది. నిద్రలోనే పోయాడట. ఆమె గొంతులో ఏడుపు కూడా లేదు. ఒత్తి సవరించి, స్వామికి దండం పెట్టుకుని లేచాను.

ధర్మవరంలో మా వీధి చివరే మా చిన్న చెల్లెలి అత్తవారిల్లు. నడిచి వెళ్ళి చెప్పాను. చెల్లెలు గోడకు ఆనుకుని అక్కడే కూలబడింది. లోపల మగ్గం చప్పుడు ఆగింది. చెల్లెలి అత్త వాకిట్లో నీళ్ళు చల్లుతూ ఉండింది. చెంబు కింద పెట్టి, తనలో తాను అనుకుంటున్నట్టుగా అంది.

"ఆ మాట ఆయప్పకే తగిలింది."

ఆ మాట ఏదో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. "నేనూ వస్తా" అని ఆమె చీర మార్చుకోవడానికి లోపలికి పోయింది.

రైలులో ఆమె నా ఎదురుగా కూర్చుంది. చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. నా చూపు మాత్రం ఆ పెద్దావిడ మీదనే ఉంది. అక్కడికి పోయి, మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి ముందు ఆ మాట అనేస్తే? మనసులో నామం చెప్పుకుంటూనే ఉన్నాను. కుదురు మాత్రం రాలేదు.

చిన్నాయన మా నాయనకు తమ్ముడు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాడు. నాయన పోయాక మా అక్కచెల్లెళ్ళకు ఆయనే దిక్కు. ఆయన పేరు నేనిక్కడ రాయడం లేదు. సొంత పెద్దల పేర్లు పలకని ఇంట్లో పెరిగినదాన్ని, చెయ్యి రాదు. ఆయనే గనక చదివితే ఈ కాగితం తిప్పి నా చేతిలో పెట్టేవాడు. ఎవరు అన్నారో చెప్పని మాటను ఆయన అసలు లెక్కలోకే తీసుకునేవాడు కాదు.

రిటైరయ్యాక ఆయన వరండా ఎప్పుడూ ఖాళీగా లేదు. హిందూపురం నుంచి, ధర్మవరం నుంచి, ఒక్కోసారి గుడిబండ నుంచి కూడా కాలేజీ పిల్లలు తమ ప్రాజెక్టు రిపోర్టులు పట్టుకుని వచ్చేవాళ్ళు. ఎడమవైపు బైండింగుకు చోటు వదిలారా, శీర్షికలన్నీ ఒకే కొలతలో ఉన్నాయా, పుస్తకం నుంచి తెచ్చిన వాక్యం ముందూ వెనకా గుర్తులు పెట్టారా, చివర ఆధారాల పట్టికలో ఆ పుస్తకం ఉందా అని ఒక్కొక్కటే చూసేవాడు. పెన్సిలుతో అంచున ఒకే ప్రశ్న రాసేవాడు. "ఎవరిది ఈ మాట?"

ఒక పిల్లవాడు ఆధారం అని ఉన్నచోటల్లా ఇంటర్నెట్ అని రాసుకొచ్చాడు. చిన్నాయన కోప్పడలేదు.

"ఏమప్పా, మీ ఇల్లు యాడ అని అడిగితే హిందూపురం అంటావు. నేను బస్సు దిగి ఎవర్ని అడగల్ల? వీధి చెప్పు, ఇల్లు చెప్పు. రాసినోళ్ళు ఎవరు, ఏ సంవత్సరం, ఏ పేజీ. నీ పేపరు చదివినోడు ఆ ఇంటి తలుపు తట్టల్ల. అప్పుడు అది ఆధారం."

ఇంకొకమ్మాయి యాభై పేజీల రిపోర్టు తెచ్చింది. నడుమ ఒక పేజీలో 'ఇంకా చదవడానికి ఇక్కడ నొక్కండి' అని అచ్చయి ఉంది. చిన్నాయన ఆ వాక్యం మీద వేలు పెట్టి గట్టిగా నొక్కాడు. కాసేపు ఆగి, మళ్ళీ నొక్కాడు.

"ఏమీ రాలేదే పాపా. మీ కాగితం రిపేరుకు వచ్చినట్టుండాది."

వరండా అంతా నవ్వింది. ఆ అమ్మాయీ నవ్వి, మరుసటి వారం మొత్తం తిరగరాసుకొచ్చింది. లోపలి నుంచి చిన్నమ్మ అనేది: "ఈయప్పతో ఏగేది నాకు తెలుసు. చట్నీ బాగుండాది అనడు. ఎవరి దగ్గర నేర్చుకుంటివి అంటాడు!"

ఇక చెల్లెలి సంగతి. నాకంటే చాలా చిన్నది. పెళ్ళయి, పిల్లాడు బడికి పోయే వయసొచ్చాక, హిందూపురంలో పీజీలో చేరింది. తను పాఠాలు చెప్పే ప్రైవేటు బడిలో పీజీ ఉంటేనే ఉంచుకుంటామన్నారు. ప్రాజెక్టుకు తను తీసుకున్న విషయం ధర్మవరం చీరల పాత అంచులు. ఇప్పుడు అవి ఎవరూ నేయడం లేదు. ఏ పోగు లేపి ఏ పోగు దించితే ఆ అంచు పడుతుందో చెల్లెలి మామ ఒక్కడికే నోటికి వచ్చు. చెల్లెలు ఆయన మంచం పక్కన కూర్చుని అడిగి అడిగి ఒక అధ్యాయం రాసింది. దాని కింద ఆధారం అని పెట్టి, 'మా మామగారు చెప్పినది' అని రాసింది. ఆ అధ్యాయమంతటా అంతే. మా మామగారు, మా మామగారు.

కాలేజీలో ప్రాజెక్టు చూసే గైడు ఆ పేజీలు వెనక్కి తోశాడట.

"మామగారు అంటే ఎవరమ్మా? నీకు మామ. నాకు ఏమవుతాడు? ఇంట్లో కూర్చుని కథలల్లి, ఎవరో పెద్దాయన చెప్పినాడని రాసే పిల్లలను శానామందిని చూసినా. పేరు, ఊరు, ఏ పొద్దు మాట్లాడింది, అన్నీ ఉండల్ల. లేకుంటే ఆ అధ్యాయం తీసెయ్."

అది తీసేస్తే ప్రాజెక్టులో మిగిలేది ముందుమాటే. వైవా, అంటే నోటి పరీక్ష, దగ్గరపడింది.

గైడు అన్నదాంట్లో తప్పు లేదు. చెల్లెలి నోట మామ పేరు రాకపోవడంలోనూ తప్పు లేదు. మా వైపు నేతవాళ్ళ ఇళ్ళలో కోడలు మామ పేరు పలకదు, రాయదు. పలికితే ఆ మనిషి ఆయుష్షు తరుగుతుందని నమ్మకం. రేషను కార్డు దగ్గర కూడా పక్కవాళ్ళతో చెప్పిస్తారు. పైగా ఆ మామ అప్పుడే గుండెనొప్పితో ఆస్పత్రిలో ఉండి ఇంటికి వచ్చాడు.

చెల్లెలు పెనుకొండ పోయి కాగితాలు చిన్నాయన చేతికిచ్చింది. ఆయన అధ్యాయం మొత్తం చదివి, కళ్ళజోడు తీసి, "ఇంత బాగా రాసి, చెప్పినాయన్ను గోడ వెనక నిలబెడితివే" అన్నాడట. చెల్లెలు తల దించుకుంది. "సరే. నేనే వస్తా ధర్మవరానికి" అన్నాడు.

ఆ రోజు నేనూ ఆ ఇంట్లో ఉన్నాను. మామ మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. ఆయాసం ఇంకా తగ్గలేదు. చిన్నాయన విషయం చెప్పీ చెప్పకముందే చెల్లెలి అత్త లేచి నిలబడింది.

"అన్నా, నువ్వు చదువుకున్నోనివి, నీకు తెలీదని కాదు. ఆయప్ప ఆస్పత్రి నుంచి వచ్చి ఎన్నాళ్ళయింది? నా కోడలు పేరెత్తల్లనా ఇప్పుడు? ఆ చదువే వద్దు మాకు."

"నేను రాస్తాలే అత్తా. నాకు ఆయన సొంత మామ కాదు గదా, పట్టింపు లేదు" అన్నాను నడుమ.

చిన్నాయన నా వైపు తిరిగాడు. "నువ్వు రాస్తే అది నీ పేపరు అవుతుంది పెద్దపాపా. ఎవరు విన్నారో వాళ్ళే చెప్పల్ల."

చెల్లెలు వాకిలి పట్టుకుని నిలబడింది. మంచం మీది నుంచి మామ గొంతు సన్నగా వచ్చింది.

"బావా, నా పేరు నేను రాసుకుంటే తప్పుండదు కదా?"

కాగితం తెచ్చారు. ఆధారాల పట్టికలో మొదటి వరుసలో ఆయన తన పేరు తానే రాసుకున్నాడు. వీధి, ఊరు, మాట్లాడిన నెల కూడా. మగ్గం మీద పోగు తప్పని చెయ్యి అక్షరాల దగ్గర నెమ్మదించింది. గండం గడిచిందనుకున్నాను. చిన్నాయన మాత్రం కాగితం వైపే చూస్తున్నాడు.

"రాత అయింది. రేపు వైవాలో ఎవరు చెప్పినారు అని అడిగితే ఈ బిడ్డ నోరు తెరవల్ల గదా."

చెల్లెలి అత్త ఏడుపు ఆపుకోలేకపోయింది. "నోట అనకూడదన్నా. ఏమన్నా అయితే ఎవరు ఆదుకుంటారు మమ్మల్ని?"

మూఢనమ్మకమని ఆయన ఆమెను తీసిపారేస్తాడేమో అనుకున్నాను. తీసిపారేయలేదు. కుర్చీలోంచి లేచి, ఆమె ముందు నిలబడి, చేతులు కట్టుకున్నాడు.

"చెల్లెమ్మా, నీ భయం తప్పని నేననను. ఏమన్నా అయ్యేదుంటే అది నాకు కానీ. మీ వాకిట్లోకి రానియ్యను. చెప్పించింది నేను, వచ్చేది నాకు రానీ."

ఆమె కళ్ళు తుడుచుకుంది. తర్వాత లోపలికి పోయి కాఫీ తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆ ఇంట్లో సరే అనడం అదే.

వైవా రోజు హిందూపురం కాలేజీలో చిన్నాయనా నేనూ గది బయట బల్ల మీద కూర్చున్నాం. తలుపు ఓరగా ఉంది. బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు పేజీలు తిప్పుతున్న చప్పుడు వినబడుతోంది.

"ఈ అంచుల సంగతి మీకు ఎవరు చెప్పారు?"

చెల్లెలు మాట్లాడలేదు. ఫ్యాను తిరుగుతోంది. గైడు దగ్గాడు. నేను కళ్ళు మూసుకున్నాను. ధర్మవరంలో ఆ గడియకు ఆ ముసలాయన ఊపిరి ఎలా ఉందో అన్నదొక్కటే నాకు ఆలోచన.

"కాగితం మీద ఉంది కదమ్మా. మీరు చెప్పండి."

అప్పుడు చెప్పింది. నాకే సరిగ్గా వినబడలేదు. "కొంచెం గట్టిగా" అన్నాడాయన. మళ్ళీ చెప్పింది. ఇంటిపేరుతో సహా, వరండా చివరిదాకా వినబడేలా.

చెల్లెలు బయటికి వచ్చి చిన్నాయన భుజం మీద తల పెట్టి వెక్కింది. ఆయన దాని వీపు నిమిరాడు. మెచ్చుకోలు ఆయనకు చేతకాదు.

"పేజీ నంబర్లు కింద నడుమ ఉండల్ల. కుడిపక్కకు పోయినాయి, చూసుకోలేదే నువ్వు" అన్నాడు. చెల్లెలు ఏడుపులోనే నవ్వేసింది.

ఆ రోజు తిరిగొచ్చేసరికి మామ అరుగు మీద కూర్చుని చెల్లెలి కొడుకుతో ఆడుకుంటున్నాడు. తర్వాత కోలుకున్నాడు. చెల్లెలు పాసయింది, బడిలో ఉంది. చిన్నాయన మాత్రం అప్పటి నుంచి వారంవారం నాకు ఫోను చేసేవాడు. ముందుగా అడిగేది ఒకటే. "మామ ఎట్ల ఉండాడు?" బాగున్నాడంటే "సరే, పెట్టేస్తా" అనేవాడు.

ఇప్పుడు మామ బాగున్నాడు. చిన్నాయన లేడు.

పెనుకొండలో ఇంటి ముందు జనం. వరండాలో కూర్చునే కాలేజీ పిల్లలే అన్ని పనులూ చూస్తున్నారు. చిన్నమ్మ ఆయన తల దగ్గర కూర్చుని ఉంది. చెల్లెలి అత్త నేరుగా పోయి ఆమె ముందు కూర్చుంది. ఆపాలని నేను వెనకే వెళ్ళాను. అప్పటికే నోరు తెరిచేసింది.

"వదినా, ఆ పొద్దు మా ఇంట్లో మా అన్న చెప్పిన మాట..."

చిన్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"తెలుసు వదినా. ఇంటికొచ్చి చెప్పినాడు. ఈయప్ప గుండె పాడయిందని డాక్టరు చెప్పింది మీ ఇంటికి రాకముందే. మీకెవరికీ చెప్పొద్దన్నాడు. ఎట్లయినా నాకు రావాల్సిందే, ఆయమ్మకు ధైర్యం వస్తే చాలు అని నవ్వినాడు."

నాకూ ఆ సంగతి అప్పుడే తెలిసింది.

కాసేపటికి చిన్నమ్మే అడిగింది. "మీ ఇంటాయన బాగుండాడా? పేరు ఏమంటారు వదినా? ఈయప్ప ఎప్పుడూ చెప్తాండె, నాకే తిక్కపట్టినట్టు ఇప్పుడు మతికి వస్తాలేదు."

పక్కనున్న నేను చెప్పబోయాను. చెల్లెలి అత్త చెయ్యి నా మోచేతి మీద పడింది. నన్ను ఆపింది. చిన్నాయన మొహం వైపు ఒకసారి చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఎన్నడూ పలకని తన మొగుడి పేరు పలికింది. ఆగి ఆగి, ఇంటిపేరుతో సహా.

ఆ పేరు కావాలనుకునేవాళ్ళకు చెల్లెలి ప్రాజెక్టులో చివరి పేజీ, మొదటి వరుస. అక్కడ ఆయన తన చేత్తో రాసింది ఉంది.

సాయంత్రం రైలులో తిరిగి వస్తున్నాం. చెల్లెలు నా ఒడిలో తల పెట్టి పడుకుంది. చెల్లెలి అత్త కిటికీ పక్కన కూర్చుంది. ఎండ వాలుతోంది. ఆమె పెదవులు మెల్లగా కదులుతున్నాయి. జపం చేసుకుంటోందనుకుని నేనూ నామం మొదలుపెట్టాను. రైలు ఒకచోట ఆగినప్పుడు చప్పుడు తగ్గింది. అప్పుడు వినబడింది. అది జపం కాదు. అదే పేరు, నోటికి ఇంకా కొత్తగా ఉన్నట్టు, మళ్ళీ మళ్ళీ.