పదకొండో అంకె

మా ఆయన డోర్నకల్ జంక్షన్‌లో గూడ్స్ బండ్ల వ్యాగన్ నంబర్లు రాసుకునే ఉద్యోగం చేసేవారు. ప్రతి వ్యాగన్ మీదా పదకొండు అంకెలుంటాయి. పెళ్లయిన కొత్తలో వేరే కబుర్లు రాక, ఆ సంఖ్య గుట్టు నాకు చెప్పారు. మొదటి పది అంకెల్లో సరి స్థానాల్లో ఉన్నవి కూడి, మూడుతో హెచ్చవేసి, బేసి స్థానాల్లోవి కలపాలి. ఆ మొత్తం తర్వాతి పదుల సంఖ్యకు చేరాలంటే ఎంత కావాలో అదే పదకొండో అంకె. ఒక్క అంకె తప్పు రాసినా లెక్క కుదరదు. జనగామలో డిగ్రీ చదివి, పెట్టెనిండా నవలలతో కాపురానికి వచ్చిన నాకు ఇదేం సరసమో అర్థం కాలేదు.

నిరుడు ఆయనకు పక్షవాతం వచ్చింది. మహబూబాబాద్ ఆసుపత్రిలో చేర్చాం. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయిస్తే గుణం కనిపించవచ్చు, కనిపించకపోవచ్చు అన్నారు డాక్టరు. ఆయన వద్దన్నారు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. రేగొండ నుంచి వచ్చిన మా మరిది ఒప్పుకోలేదు. అన్న తెలివిలో లేడు, ఆ మాట పట్టించుకోవద్దన్నాడు. నాకూ ఆ అనుమానం ఉంది. ఆ పొద్దున రెండుసార్లు ఆయన నన్ను మా అక్క పేరుతో పిలిచారు.

మంచం మీది నుంచి ఆయన అంతా విన్నారు.

"నా తలకాయ పనిచేస్తుందో లేదో చూస్తరా? నంబర్ చదువు."

రైల్వే పాసుల సంచిలో ఆయన పాత జేబు పుస్తకం ఉంది. అందులోంచి ఒకటి చదివాను: రెండు, రెండు, ఒకటి, సున్నా, ఐదు, సున్నా, ఒకటి, నాలుగు, మూడు, ఆరు, రెండు. ఆయన కళ్లు మూసుకున్నారు. చాలాసేపటికి, నలభై ఎనిమిదికి రెండు కలిస్తే యాభై, లెక్క కుదిరింది అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"కానీ నంబర్ తప్పు," అన్నారు వెంటనే.

"చూసినవా వదినె? కుదిరిందంటడు, తప్పంటడు," అన్నాడు మరిది.

"ఐదో అంకె, ఆరో అంకె తయారైన సంవత్సరం రా. మీ వదినె యాభై అని చదివింది. పాత యాభైది ఐతే ఎన్నడో తుక్కుకు పోయింది. వచ్చే యాభైది ఐతే ఇంక పుట్టనే లే."

మళ్లీ చూశాను. పుస్తకంలో సున్నా, ఐదు అని ఉంది. కంగారులో నేనే తారుమారు చేశాను. పక్కపక్క అంకెలు తారుమారైతే పదకొండో అంకె పట్టేస్తుందని, ఆ రెంటికీ తేడా సరిగ్గా ఐదైతే మాత్రం పట్టలేదని ఆయన ఆగి ఆగి వివరించారు.

"ఐతే పరీక్షల తప్పింది వదినెనే," అన్నాడు మరిది. మర్నాడు ఇంటికి బండి మాట్లాడుకొచ్చింది అతనే.

ఆయన పందొమ్మిది రోజులు ఇంట్లో ఉన్నారు. హైదరాబాద్ తీసుకెళ్తే బతికేవారా అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. నాకు తెలియదు. కూడికలు అలవాటు మీద కూడా వస్తాయి. కుదిరిన లెక్కను నమ్మకపోవడానికి తెలివి కావాలి. నేను సరిగ్గా చదివి ఉంటే అది మాకు కనిపించేది కాదు. వద్దన్నది ఆయనే, తెలిసే వద్దన్నారు. అందుకే నాకు దుఃఖం ఉంది గానీ సందేహం లేదు.