చేటెడు కొర్రల పేరు

గుంతకల్లులో ఇప్పుడు కొర్రన్నం వండడం ఎవరికీ రాదు. మా వీధి మలుపులో కొత్తగా పెట్టిన హోటల్లో దాన్ని ఆరోగ్య భోజనం అంటారు. మట్టి రంగు పళ్లెంలో అరటాకు ముక్క వేసి, దాని మీద గోపురంలా బోర్లించి, పైన కొత్తిమీర పెట్టి తెస్తారు. నోట్లో పెట్టుకుంటే ఇసుక నమిలినట్టు ఉంటుంది. నానబెట్టకుండా కుక్కర్లో పడేస్తే అంతే మరి. నా చక్కెర జబ్బుకు డాక్టరు రాసిచ్చాడు కాబట్టి తింటున్నాను. మా అమ్మ మాత్రం ఆటోలో ఆ హోటలు ముందు నుంచి పోయేటప్పుడు ముఖం అటు తిప్పుకుంటుంది. ఆమె చిన్నతనంలో కొర్రన్నం తినేవాళ్లను చూసి జాలిపడేవారు. ఇప్పుడు ఫోటో తీస్తున్నారు.

ఇదంతా నాకెందుకంటే, నా అసలు పేరు కొర్రప్ప.

ఆ పేరుకు అర్థం కోసం పుస్తకాలు తిరగేయనక్కర్లేదు. నాకు ముందు మా అమ్మకు ఇద్దరు మగబిడ్డలు పుట్టి, నెల తిరక్కుండానే పోయారు. మూడోవాణ్ణి నేను. మా ఊరు బెళుగుప్ప పక్కన. బిడ్డలు దక్కని ఇండ్లలో ఆ రోజుల్లో ఒక పద్ధతి ఉండేది. బిడ్డను చేటలో పడుకోబెట్టి, తీసుకుపోయి ఊరి దిబ్బ మీద పేడ మధ్యన వదిలేవారు. ముందే మాట్లాడుకున్న పక్కింటావిడ ఏమీ ఎరగనట్టు అటుగా వచ్చి, ఎవరో పారేసిన బిడ్డ దొరికాడని ఎత్తుకునేది. అప్పుడు తల్లి పోయి తన బిడ్డను తానే ఆమె దగ్గర కొనుక్కునేది. ఇది ఎవరికీ పనికిరాని సరుకులే అనుకుని చావు పక్కింటికి పోతుందని నమ్మకం. చావుకు అంత తెలివితక్కువతనం ఉంటుందని నేను అనుకోను. కానీ నేను బతికాను కాబట్టి ఈ విషయంలో గట్టిగా వాదించలేను.

అది వానలు లేని ఏడాది. మా వైపు ఇలా చెబితే ఏ ఏడాదో ఎవరికీ తెలియదు. ఇంట్లో మిగిలినవి కొర్రలే. అమ్మ చేటెడు కొర్రలు పోసి నన్ను కొనుక్కుంది. అందుకని కొర్రప్ప. పేరు అనడం కంటే రసీదు అంటే సరిగ్గా ఉంటుంది. ఇంటికి వచ్చే దారిలో మారెమ్మ గుడి ముందు ఆగి, ఒక మొక్కు కూడా మొక్కుకుంది. వీడు దక్కి, వీడికి మనవడు పుడితే, వాడికీ ఈ పేరే పెట్టిస్తానని. తాత పేరు మనవడికి పెట్టడం మాలో ఎలాగూ ఉన్నదే. అమ్మోరికి పెద్దగా కష్టం లేని మొక్కే మొక్కానని అనుకుని ఉంటుంది.

పేరు ఎంత అరుదంటే, గుంతకల్లు రైల్వే ఆఫీసులో ముప్పై ఏళ్లకు పైగా రిజర్వేషన్ చార్టులు చూశాను. ఎన్ని రకాల అప్పలు, అన్నలు, స్వాములు ఆ కాగితాల మీద రైలెక్కి పోయారో లెక్కలేదు. కొర్రప్ప ఒక్కడూ ఎక్కలేదు. ఎక్కాల్సిన ఆ ఒక్కడు కూడా వేరే పేరుతో ఎక్కేవాడు.

ఆ వేరే పేరు పదో తరగతిలో వచ్చింది. అప్పటికి బడిలో నాకు దినం తెల్లారితే ఒకటే పలకరింపు: "ఏమప్పా కొర్రప్పా, ఎన్ని సేర్లకు వస్తివి?" పరీక్షలకు పేర్లు పంపే రోజున హెడ్మాస్టరు క్లాసుకు వచ్చి, ఇప్పుడు రాసిన పేరే జీవితాంతం ఉంటుంది, బాగా ఆలోచించుకోండి అన్నాడు. నేను పూర్తిగా ఒక నిమిషం ఆలోచించాను. అప్పటికే మా క్లాసులో నలుగురికి ఉన్న పేరొకటి చూసుకుని ఐదోవాణ్ణయ్యాను. నాయన సంతకం పెట్టాడు. ఆయన కాగితం చదివి సంతకం పెట్టే రకం కాదు.

అమ్మకు చదువు రాదు. హాల్‌టికెట్టు ఇంటికి తెస్తే, దాన్ని దేవుడి పటం ముందు పెట్టి, పసుపు అంటించి, దండం పెట్టుకుంది. దాని మీద ఉన్నది ఎవరి పేరో నేను చెప్పలేదు. చాలా ఏళ్లు చెప్పలేదు. నా పెండ్లి పత్రికలు అచ్చయి వచ్చాక మా చిన్నాయన ఒకటి తీసి గట్టిగా చదువుతుంటే విని, "పత్రికలు మారిపోయినట్లుండాయి. ఇది ఎవురి పెండ్లిదో సూడప్పా" అంది. చిన్నాయనే నవ్వుతూ విషయం చెప్పాడు. ఆమె లోపలికి పోయి అందరికీ మజ్జిగ తెచ్చింది. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. నన్ను మాత్రం ఇప్పటికీ కొర్రప్పా అనే పిలుస్తుంది. ఆమె ఒక్కతే.

ఈ మధ్య నాకు మనవడు పుట్టాడు. మా అబ్బాయీ కోడలూ బెంగళూరులో ఉంటారు. ఇద్దరూ కంప్యూటరు ముందు కూర్చుని ఏదో చేస్తారు. ఏం చేస్తారో నాకు మూడుసార్లు వివరించారు, వాళ్ల ఓపిక మంచిది. మూడో నెలలో బిడ్డను ఉయ్యాలలో వేసి పేరు పెట్టే పని మా ఇంట్లో జరగాలని అనుకున్నాం. అది విన్నప్పటి నుంచి అమ్మ మారెమ్మకు పెట్టాల్సిన చీర రంగు గురించి మాట్లాడడం మొదలుపెట్టింది.

"నేను పోయేలోపల ఆ పేరు ఇంగొకరి మీద పడాల కొర్రప్పా. లేకుంటే అమ్మోరికి నేనేం చెప్పాల?"

"నేను మాట్లాడతాలేమ్మా" అన్నాను.

మాట్లాడేలోపే పేరు ఫోనులో వచ్చేసింది. దాన్ని ఇక్కడ రాయను. బిడ్డ పెద్దయ్యాక తెలుగు చదవడం నేర్చుకుంటే బాధపడతాడు. నేర్చుకోడనే నా నమ్మకం, అయినా జాగ్రత్త మంచిది. పేరుతో పాటు అది దొరికిన పేజీని కూడా పంపాడు మా అబ్బాయి. మూలం: సంస్కృతం. అర్థం: మేఘాలను ఆజ్ఞాపించేవాడు. ప్రాచుర్యం: అత్యంత అరుదు. నా దగ్గరున్న లావుపాటి నిఘంటువులో వెతికాను. సంస్కృతానికి ఆ పదంతో పరిచయం ఉన్నట్టు కనపడలేదు. మేఘాలను ఆజ్ఞాపించేవాడు మా జిల్లాకు ఒకడు కావలసిందే. కానీ ఈయన కాపురం బెంగళూరులో. అక్కడ వాన పడిన రోజున ఇప్పటికే మోకాళ్ల లోతు నీళ్లలో ఆఫీసులకు పోతున్నారు. ఊరికే ఉండలేక అదే పేజీలో కొర్రప్ప అని కొట్టి చూశాను. అలాంటి పేరేదీ లేదని, నేను వెతుకుతున్నది ఇదేమో చూసుకోమని, మర్యాదగా ఒక ఇటలీ పేరు చూపించింది.

అంత అరుదైన పేరు బ్యానరు మీద తప్పు పడకూడదని అబ్బాయి నన్నే ఫ్లెక్సీ కొట్టుకు పొమ్మన్నాడు. కాగితం మీద రాసి తీసుకుపోయాను. కొట్టతను దాన్ని ఒకసారి చూసి, కంప్యూటరులో ఏదో తెరిచాడు.

"ఇది ఉండాది సార్. ఈ నెల్లో మూడోది. ఫోటో మారిస్తే సాలు."

"చాలా అరుదైన పేరంట కదప్పా?"

"అవును సార్. అందరూ అదే చెప్తాండారు."

పేరు పెట్టే రోజుకు వారం ముందే వాళ్లు వచ్చారు. ఆ సాయంత్రమే మాట ఎత్తాను. తాత పేరు మనవడికి పెట్టడం మన పద్ధతి, పైగా అవ్వ మొక్కుకుని ఉంది అన్నాను. కోడలు తెలివైన పిల్ల.

"మీ పేరు పెడితే నేను వాణ్ని ఎట్ల పిలవాల మామా? అత్త ఎట్ల పిలవాల?"

నిజమే. మా ఇండ్లలో ఆడవాళ్లు మొగుడి పేరూ మామ పేరూ నోటితో అనరు. అందుకే తాత పేరు పెట్టిన పిల్లవాణ్ణి నాయనా అనో అబ్బోడా అనో పిలుస్తూ గడిపేస్తారు. పేరు నిలబెట్టడానికి మా పెద్దలు కనిపెట్టిన మార్గం, దాన్ని ఇంట్లో ఎవరూ వాడకుండా చూడడం. ఈ ముక్క నేను ఆమెకు చెప్పలేదు. పద్ధతి పద్ధతే అన్నాను. నా భార్య వంటింట్లోంచి, "నన్ను ఈ పంచాయితీలోకి లాగద్దండి" అంది.

మర్నాడు పొద్దున్నే కోడలు బెంగళూరు నుంచి తెచ్చుకున్న డబ్బా తెరిచి పాలు పోసుకుంది. కొర్రలతో చేసిన అటుకులట. డబ్బా నిండా పెద్ద పెద్ద అక్షరాలతో ఆ మాటే. డబ్బా మీద ఉంటే ఆమెకు ఇబ్బంది లేదు.

ఆ వారమంతా నేను అమ్మ మంచం పక్కన కుర్చీ వేసుకుని వాళ్లను తిట్టాను. పుట్టిన నేల పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడే జనమన్నాను. ఫోనులో ఎవడో రాసిన అర్థాన్ని నమ్మి, ఇంట్లో ముసలామె చెప్పే అర్థాన్ని వినని జనమన్నాను. అసలు మా అబ్బాయికి మా నాయన పేరు పెడితే దాన్ని ఆఫీసులో రెండక్షరాలకు కోసుకున్నాడు, రెండూ ఇంగ్లీషువే, అలాంటివాడి దగ్గర ఇంతకంటే ఏం వస్తుందన్నాను. బాగానే మాట్లాడానని గుర్తు. అమ్మ దూది తీసుకుని వత్తులు చేసుకుంటూ విన్నది.

పేరు పెట్టే రోజున వియ్యంకుడు ధర్మవరం నుంచి రెండు కార్లలో మనుషులతో దిగాడు. పట్టు చీరల వ్యాపారం ఆయనది. వచ్చిన ఆడవాళ్లంతా కొట్టును ఒంటి మీద వేసుకుని వచ్చినట్టే ఉన్నారు. హాలు నిండిపోయింది. పళ్లెంలో బియ్యం పోసి, పురోహితుడు మా అబ్బాయి చేతికి ఉంగరం ఇచ్చి పేరు రాయమన్నాడు. రాశాడు. మేఘాలను ఆజ్ఞాపించేవాడు ఉయ్యాలలో నిద్రపోతున్నాడు. ఉయ్యాల పక్కనే అమ్మ కుర్చీలో కూర్చుని ఉంది, ఒళ్లో మారెమ్మ చీర. ఆకుపచ్చదే తెప్పించుకుంది చివరికి.

"కింద జాగా ఉండాది కదరా. తాత పేరు గూడా రాయి. అవ్వ మొక్కు" అన్నాను, అందరికీ వినపడేలాగే.

నేను గొడవకు సిద్ధపడి ఉన్నాను. గొడవ జరగలేదు.

"రాస్తా నాయనా, దానికేముండాది" అని ఉంగరాన్ని బియ్యం మీద ఆనించి ఆగాడు మా అబ్బాయి. "ఏది రాయాల? పిలుపు పత్రికలో వేసిందా, అవ్వ పిలిచేదా?"

ఎగతాళికి అడగలేదు. వాడికి నిజంగానే తెలియక అడిగాడు.

వియ్యంకుడు కుర్చీలో ముందుకు జరిగాడు. "ఏం బావా, నీకింగో పేరుండాదా? మాకెప్పుడూ చెప్పకపోతివే. ఏందది?"

పట్టు చీరలన్నీ నా వైపు తిరిగాయి. అమ్మ కూడా తలెత్తింది. నేను చెప్పాల్సింది మూడక్షరాలు.

"ఏం లేదు బావా. చిన్నప్పుడు ముద్దుకు ఏదో పిలుస్తాండ్రి" అన్నాను. "పత్రికలోదే రాయిరా."

రాశాడు. ఒకే క్లాసులో ఐదుగురికి ఉన్న పేరు బియ్యంలో చక్కగా కుదిరింది. అమ్మ ఒళ్లో చీరను విప్పి, మళ్లీ మడత పెట్టింది. తర్వాత హాలంతా వినపడేలా అడిగింది.

"నీకే అంత సిగ్గయితే, వారం దినాలు ఆ పిల్లోల్లనెందుకు తిడితివిరా కొర్రప్పా?"