వెనక బండి వద్దు

మా సొంత సైకిళ్లను కంపెనీవాళ్లు స్టోర్‌లో పెట్టి తాళం వేశారు. మేం చేసిన తప్పల్లా ఈద్ సెలవుల్లో కొండలెక్కాలనుకోవడం. ఇన్నేళ్లయినా, మా వీధి చివర పంక్చర్ దుకాణం నుంచి సొల్యూషన్ వాసన తగిలితే చాలు, నాకు కోపం కొత్తగా వస్తుంది.

అవి తొంభైల తొలి ఏళ్లు. మస్కట్‌లో, రూవి దగ్గరి లేబర్ క్యాంపులో రాజన్నదీ నాదీ ఒకే రూమ్. ఆయన జగిత్యాల వైపు మనిషి, నాకంటే పెద్దవాడు, సైట్‌లో పరంజాలు కట్టేవాడు. బడి మొహం చూడని నాకు, ఏ పనినైనా మొదలుపెట్టకముందే చివరిదాకా ఊహించుకోవడం నేర్పింది ఆయనే. సైకిళ్ల మీద నిజ్వా పట్నం దాటాక రాళ్ల దారిలో పైకెక్కి, కొండ ఊళ్ల మీదుగా అవతలికి దిగాలని ఆయన పట్టుదల. మంచం మీద కంబళిని ముడతలు పెట్టి కొండలు చేసేవాడు. నీళ్ల ట్యాంకర్ డ్రైవర్లను అడిగి, నీళ్లు దొరికే చోటల్లా ఒక ఖర్జూరపు గింజ పెట్టేవాడు.

"ఈడ నీళ్లు లేకుంటే ఏం జేస్తవ్, చెప్పు."

"ఎనకకు తిరుగుదాం."

"ఏడిదాంక? ఆడిదాంక నీళ్లున్నయా నీ తాన?"

నేను సరైన జవాబు చెప్పేదాకా ముందుకు కదిలేవాడు కాదు. ఒక శుక్రవారం ఆయన ఆ కంబళి ఉతికి ఆరేస్తే, పక్క మంచం మల్లేశం, "ఏందన్నా, కొండలన్నీ పిండి ఆరేసినవ్?" అని రూమంతా నవ్వించాడు.

సైకిళ్ల కోసం మేనేజర్ దగ్గరికి వెళ్లాం. మీకేమైనా అయితే పోలీసులకు చెప్పుకోవాల్సింది నేనే అన్నాడు హిందీలో. కావాలంటే వెనక కంపెనీ పికప్ పంపుతాను, నీళ్లూ తిండీ అందులోనే, డ్రైవర్ ఆగమన్న చోట ఆగాలి అన్నాడు. నాకు ఆశ పుట్టింది. రాజన్న అడ్డంగా తల ఊపాడు. బయటికొచ్చాక ఉండబట్టలేకపోయాను.

"ఇస్తనంటే వద్దంటవేంది రాజన్నా?"

"ఎనక బండొస్తే అది డ్యూటీ అయితది తమ్మీ. ఏడ ఆగాల్నో, ఎప్పుడు తినాల్నో వాడు చెప్తడు. అది మనకు సైట్ల లేదా?"

ఆ మాట నన్ను వదల్లేదు. ఇప్పటికీ ఎవరైనా సాయం చేస్తామంటే, ఎక్కడ ఆగాలో ఎవరు చెప్తారని ముందుగా అడుగుతాను. పొగరంటారు. అననీ.

మర్నాటి నుంచి డ్యూటీ దిగగానే, ఒంటి మీది సిమెంటు దుమ్ముతోనే వెళ్లి ఆఫీసు ముందు నిలబడేవాళ్లం. సలాం చేసి, మా సైకిళ్లు మాకిమ్మని అడిగేవాళ్లం. ఇంకో మాట లేదు. సెలవులకు ముందు రోజు మేనేజర్ విసిగిపోయి స్టోర్ తాళంచెవి బల్ల మీద పడేశాడు. పొండి, వెనక బండి మాత్రం రాదని మమ్మల్ని బెదిరిస్తున్నాననుకున్నాడు పాపం.

"జావ్. లేకిన్ పీఛే గాడీ నహీ ఆయేగీ."